కవెంట్రీ నగరచరిత్రము: దాని యాధారముల విమర్శనము

ఇంగ్లండు నడిమిభాగమునఁ బూర్వము వారిక్‌షైరు మండలమునకుఁ జెందియుండిన కవెంట్రీ నగరము పేరు వినఁగానే చదువరులకు రెండు విషయములు తలఁపునకు వచ్చును. ఒకటి, ప్రజల సుంకభారమును దొలఁగించుటకై వివస్త్రయై గుఱ్ఱము నెక్కి యంగడివీథినిఁ బోయిన గొడైవా దొరసాని కథ. రెండవది, 1940వ సంవత్సరము నవంబరు 14వ తేది రాత్రి జర్మను విమానముల బాంబులచేత నానగరము దగ్ధమగుట. రెండవదానికి సాక్షులు వేలకొలఁది గలరు. మొదటిదానికిఁ గన్నులారఁ జూచితి నన్న సాక్షి యొక్కఁడును లేఁడు. ఈ రెంటి నడుమ దాదాపు తొమ్మిదివందల యేండ్ల చరిత్రము గలదు. ఆచరిత్రమునకుఁ గల యాధారము లెట్టివి, వానిలో నేది దేనికిఁ బ్రమాణము, అనునది యిచట విచార్యము.

కవెంట్రీ యను పేరునకే మొదట విచారము చేయవలసియున్నది. ‘కాన్వెంటు’ అనఁగా మఠము. ఆయూర నొక మఠ ముండెను గావున దానినుండియే పేరు పుట్టినదని వెనుకటివారు కొందఱు చెప్పిరి. వినుటకు మనోహరముగనే యున్నది. కాని ఆంగ్లో సాక్సను వార్షికచరిత్రమునను, 1086వ సంవత్సరపు డూమ్స్‌డే గ్రంథమునను గానవచ్చు ప్రాచీనరూపములను జూచినచో నుత్తరపదము చెట్టునకు వాచకమని తెలియుచున్నది. పూర్వపదము కోఫా యను పురుషనామము. ‘కోఫాయొక్క చెట్టు’ అను షష్ఠీతత్పురుషమే నేఁటి పండితులకు సమ్మతము. ధ్వనిసామ్యముచేతఁ జెప్పిన వ్యుత్పత్తికిని, ప్రాచీనరూపమును బట్టి చెప్పిన వ్యుత్పత్తికిని గల యంతరమే స్థలచరిత్రమున జనశ్రుతికిని లేఖ్యమునకును గలదు.

వ్యాకరణశాస్త్రమున సూత్ర వార్తిక భాష్యకారులకు మతభేదము గలిగినప్పుడు పూర్వునికంటె నుత్తరునకే ప్రామాణ్య మధికమని సంప్రదాయము. చరిత్రశాస్త్రమున దీనికి విపర్యయము. అచట వృత్తాంతమునకు సన్నిహితుఁడైన పూర్వుఁడే బలవంతుఁడు; ఉత్తరుఁడు పూర్వునిఁ జూచి వ్రాసినవాఁడైనచో నతని మాట వేఱొక సాక్ష్యము గానేరదు. పదిమంది గ్రంథకర్తలు చెప్పిరి గావున సత్యమనుట చరిత్రమునఁ జెల్లదు. ఆ పదిమందియు నొక్కనినే యనుసరించియుండవచ్చును. ఈ నియమమును గొందఱు మితిమీఱి ప్రయోగించి, పూర్వులయందుఁ గానరాని దానినెల్ల మిథ్య యని త్రోసివేయుచున్నారు. అదియు దోషమే. కవెంట్రీ చరిత్రమున నీ రెండు దోషములకును జక్కని యుదాహరణములు గలవు.

డూమ్స్‌డే గ్రంథమునుండి యారంభింపవలయును. విలియము రాజు 1085వ సంవత్సరపు క్రిస్మసు పండుగనాఁడు గ్లాస్టరునందు సభఁ దీర్చి, తన రాజ్యములోని భూములు, సేద్యగాండ్రు, నాఁగళ్ళు, మరలు, అడవులు, వాని వెలలు విచారించి వ్రాయింప నాజ్ఞాపించెను. ఎడ్వర్డు రాజు కాలమున నెవరి యనుభవమం దుండెను, ఇప్పు డెవరి కున్నది, అప్పటి వెల యెంత, ఇప్పటి వెల యెంత, అనునవే విచారకుల ప్రశ్నములు. కవెంట్రీ గొడైవా కౌంటెస్సు భూములలోఁ జేర్పఁబడినది. అచట 5 హైడుల నేల. 20 నాఁగళ్ళకుఁ జాలిన సేద్యభూమి. విలెనులను సేద్యగాండ్రు 50మంది, బోర్డరులను చిన్నకాఁపులు 12మంది, దాసులు 7గురు. 3 షిల్లింగులు చెల్లించు తిరుగలిమర యొకటి. రెండు లీగుల నిడివియు నంతియ వెడల్పును గల యడవి. పూర్వపు వెల 12 పౌనులు, అప్పటి వెల తూకముచే 11 పౌనులు. ఆ భూములను నికొలసను వాఁడు రాజునొద్ద గుత్తకుఁ దీసికొనియుండెను. ఉన్నది యింతే.

ఈ లెక్కలో 69 కుటుంబములే కానవచ్చుచున్నవి. అది యొక పల్లె లెక్క. మఠమును గూర్చి యొక్క మాట లేదు, అంగడి లేదు, సుంకమును లేదు. దీనినిఁ జూచి కొందఱు, అంగడియే లేని యూర నంగడివీథి సవారి యెట్లు గలుగు నని గొడైవా కథను ఖండించిరి. ఈ ఖండనము చూచుట కందముగ నున్నను నిలువదు. అనుపలబ్ధి యభావమునకుఁ బ్రమాణము గావలయునన్నచో నావస్తు వచట నుండినచోఁ గనఁబడియే తీరవలసిన యోగ్యత గలదై యుండవలయును. వెలుతురున్న నేలమీఁద ఘటము గానరాకున్న ఘటము లేదనవచ్చును. చీఁకటియింటఁ గానరాకున్న లేదనరాదు. డూమ్స్‌డే గ్రంథమున లండను నగరమే లేదు, వించెస్టరును లేదు. అంతమాత్రమున 1086వ సంవత్సరమున లండను లేదని యెవ్వఁ డనును? 1043వ సంవత్సరమున లియోఫ్రిక్కు ఎర్లును అతని భార్య గొడైవాయుఁ గలిసి నెలకొల్పిరని చెప్పఁబడు బెనెడిక్టను మఠ మప్పటికిఁ గవెంట్రీలో నుండుట నిశ్చితము; 1057వ సంవత్సరమున మృతుఁడైన లియోఫ్రిక్కును గవెంట్రీయందే పాతిపెట్టిరి. అయినను గవెంట్రీ లెక్కలో మఠము పేరు లేదు. కావున నీ గ్రంథము మౌనము వహించిన చోట దానిచేతఁ బలికింపఁ జూడరాదు.

మఱొక తర్కము గలదు. కవెంట్రీ గొడైవా సొంత భూమి యని డూమ్స్‌డే చెప్పుచుండఁగా నామె సుంకము తీసివేయు మని మగని నేల వేఁడుకొనవలయును? తానే తీసివేయవచ్చునుగదా! ఇది మునుపటి దానికంటె గట్టి ప్రశ్నము. దీనిని విమర్శకులు పలువురు చెప్పిరి. కాని గ్రంథము చెప్పుచున్నది 1066వ సంవత్సరమున, అనఁగా ఎడ్వర్డు రాజు మరణించిననాఁటి, యనుభవమును. లియోఫ్రిక్కు చనిపోయి యప్పటికిఁ దొమ్మిదేండ్లు. భర్త యుండఁగా నాభూమి యామె సొంతమో, భర్త పోయిన పిదప నామెకు సంక్రమించెనో యీ వాక్యమునుండి తేలదు. కనుక నీతర్కము సంశయమును బుట్టింపఁగలదు గాని నిర్ణయమును జేయఁజాలదు.

కథకు బాధకము డూమ్స్‌డేలో లేదు. సన్నిహితుల మౌనమున నున్నది. ఇచట ననుపలబ్ధికి యోగ్యత గలదు. వూస్టరు జాను, మామ్స్‌బరీ విలియము, ఆర్డెరిక్కు వైటాలిసు అను పండ్రెండవ శతాబ్దపు చరిత్రకారులు లియోఫ్రిక్కు దంపతుల భక్తినిగూర్చి ప్రీతితో వ్రాసిరి. గొడైవా తన వెండిబంగారముల నెల్ల మఠపు టలంకారములకై యొసఁగుటయు, రత్నములు గ్రుచ్చిన హారము నొకదానిని మేరీమాత విగ్రహపుఁ గంఠమున వేయుఁ డని చెప్పిపోవుటయు వారు స్మరించిరి. ఇంత చిన్న విషయములను మఱవనివారు, ప్రజలకై దొరసాని చేసిన యంతటి సాహసమును వినియుండినచో విడిచిపెట్టుదురా? వారు వినలేదనియే చెప్పవలయును.

మొదటఁ జెప్పినవాఁడు సెయింటు ఆల్బన్సు మఠమునందలి వెండోవరు రోజరు. అతఁడు 1236వ సంవత్సరమున మృతుఁడయ్యెను. లియోఫ్రిక్కు మరణమునకును నతని మరణమునకును 179 ఏండ్ల యంతరము. అతని కథ యిట్లు: గొడైవా కవెంట్రీ సుంకముల విషయమై మగని మాటిమాటికి వేధించెను, అతఁడు విసిగి, జనము గుమిగూడియుండఁగా వివస్త్రవై యంగడి నీకొననుండి యాకొనవఱకు గుఱ్ఱముపైఁ బోయి వచ్చితివేని నీకోరిక తీర్తు ననెను, ఆమె తలవెండ్రుకలు విప్పి దేహమును గప్పికొని, యిరువురు రౌతులు వెంట రాఁగాఁ బోయి వచ్చెను, ఎర్లు విస్మయపడి శాసనము వ్రాసి యిచ్చెను. ఇందు జనము తలుపులు మూసికొనుట లేదు, తొంగిచూచినవాఁడును లేఁడు. 1364వ సంవత్సరమున మృతుఁడైన హిగ్డెను, గుఱ్ఱములు తప్పఁ దక్కిన వస్తువుల కెల్ల సుంకము పోయెనని యొక విశేషమును జేర్చెను. ఈ విశేషము మిక్కిలి గమనింపఁదగినది. కథను గొప్ప చేయఁ దలఁచినవాఁడు గుఱ్ఱముల సుంకమును మిగిల్చి చెప్పఁడు. అతని కాలమున నట్టి యాచార మొకటి వాడుకలో నుండి, దానికిఁ గారణముగాఁ గథ చెప్పఁబడుచుండె నని యూహింపవచ్చును. ఊరి యాచారమునకు హేతువు చెప్పుటకుఁ బుట్టిన కథలు మన స్థలపురాణములలోఁ గొల్లలు.

రెండవ రిచర్డు రాజు కాలమున హోలీ ట్రినిటీ దేవాలయపు గవాక్షమున లియోఫ్రిక్కు గొడైవాల చిత్రములు రంగుటద్దములలోఁ దీర్పఁబడె ననియు, ఆమెపైఁ బ్రేమచేతఁ గవెంట్రీని సుంకవిముక్తముఁ జేయుచున్నాఁ డని యర్థమిచ్చు వాక్య మందుఁ జెక్కఁబడియుండె ననియు 1656వ సంవత్సరమున డగ్‌డేలు వ్రాసెను. ఆ వాక్యమున సుంకవిముక్తియే ప్రధానము. 1569వ సంవత్సరమున గ్రాఫ్టను తన చరిత్రమునఁ దొలుదొలుత, పురజనులు కిటికీలు మూసి యిండ్లలో నుండవలయు నని యాజ్ఞ పుట్టినట్లు వ్రాసెను. ఇతఁడు కొంతకాలము పార్లమెంటునఁ గవెంట్రీకిఁ బ్రతినిధిగా నుండినవాఁడు. కిటికీలు మూయఁబడిన పిదపఁగాని తొంగిచూచువాఁడు పుట్టుటకు వీలులేదు; పదునేడవ శతాబ్దమున వాఁడును బుట్టెను. 1678వ సంవత్సరమునుండి సంతలో గొడైవా యూరేగింపు మొదలయ్యెను. 1842వ సంవత్సరమున టెనిసను కావ్యము వెలువడెను. నేఁటి చదువరుల మనస్సులలో నున్న గొడైవా యీ చిట్టచివరి కూర్పునకుఁ జెందినది.

ఇంతవఱకు విచారించి, కథ యసత్యమని తేల్చి విమర్శకులు పలువురు గ్రంథమును మూసివేయుదురు. స్థలచరిత్రకారునకు నిజమైన పని యచటనే యారంభ మగుచున్నది. ఆ కథ 1057కుఁ బ్రమాణము గాదు, సరే; మఱి దేనికిఁ బ్రమాణము? దీనికి సమాధానము కవెంట్రీ లీట్ గ్రంథమున నున్నది.

లీట్ అనునది నగరపెద్దలు కూడి కట్టుబాట్లు చేయు సభ. దాని నిర్ణయములను మేయరు పుస్తకమున వ్రాయుట 1420 ప్రాంతమున మొదలై 1555వ సంవత్సరమువఱకు సాగినది. దీనిని మేరీ డార్మరు హారిసు అను విదుషి పరిష్కరింపఁగాఁ బ్రాచీనాంగ్లగ్రంథసంఘమువారు 1907 మొదలు 1913 లోపల నాలుగు భాగములుగాఁ బ్రకటించిరి. ఒక నగరముయొక్క దినదినజీవితము నింత వివరముగఁ జూపు గ్రంథము లరుదు. రొట్టె తూకము, సారాయి వెల, వీథులలోఁ బందులను విడువఁగూడదనుట, నదిలోఁ బెంట పోయఁగూడదనుట మొదలగు నాజ్ఞ లందు గలవు. ఒకే యాజ్ఞ మరల మరల నేల వ్రాయఁబడుచున్నదని యడుగువాఁడే యీ గ్రంథమును జదువ నేర్చినవాఁడు. నదిలోఁ బెంట పోయరాదని మాటిమాటికి విధించుట జనులు మాటిమాటికిఁ బోయుచుండిరనుటకు లింగము. అప్రాప్తమును విధించుటయు, ప్రసక్తమైనదానినే నిషేధించుటయు శాస్త్రమున నెట్లో యిచటను నట్లే. 1520వ సంవత్సరమున ధాన్యము చాలక నగరములోని ధాన్యమును, తినువారిని లెక్కించిరి. ఆబాలవృద్ధముగా 6,601మంది యని గ్రంథమునఁ గలదు. ఇట్టి లెక్కల ననుసరించియే ఫిథియను ఆడమ్సు 1979వ సంవత్సరమునఁ గవెంట్రీ క్షీణదశను గూర్చి యుత్తమమైన గ్రంథమును రచించెను.

ఈ లీట్ గ్రంథమున లారెన్సు సాండర్సు అను రంగులద్దకపువాని వృత్తాంతము గలదు. అతఁడు 1480వ సంవత్సరమున నగరపు చేంబర్లేనులలో నొకఁడై, ఊరుమ్మడి బీళ్ళను ధనికు లాక్రమించికొనుచున్నారని తిరుగఁబడెను, లడ్లో నగరమున నున్న యువరాజునకు విన్నపము చేసికొనెను, చెఱఁబడెను, విడుదలయై మరల నదియే చెప్పెను, మరలఁ జెఱఁబడెను. 1496 తరువాత నతని మాట వినరాదు. అతని పక్షమున వ్రాయఁబడిన పుస్తక మేదియు లేదు. ఇదంతయు మనకుఁ దెలిపినది యతనిని జెఱసాలలో వేసినవారి పుస్తకమే. చార్వాకుల మతము వారి గ్రంథములు నశింపఁగా, వారిని ఖండించినవారి గ్రంథములయందుఁ బూర్వపక్షముగా నిలిచినట్లు సాండర్సు పక్షము ప్రతిపక్షుల లేఖకునిచేత రక్షింపఁబడినది.

1495వ సంవత్సరమున సెయింటు మైకేలు దేవాలయపుఁ దలుపునకు నెవ్వరో పద్యములు వ్రాసి యతికించిరి. నగరము స్వతంత్రముగ నుండవలసినది దాస్యమున నున్న దనియు, దొరసాని విడిపించిన నగరమున నిప్పుడు ఉన్నికిని వస్త్రములకును సుంకము వేయుచున్నా రనియు, పని నేర్చుకొన వచ్చు బాలురనుండియు రుసుము గైకొనుచున్నా రనియు వాని తాత్పర్యము. నగరాధికారులకు నేరముగఁ దోఁచిన యీ పద్యములను లేఖకుఁడు పుస్తకమున నెక్కించెను. గొడైవా కథ దేనికిఁ బ్రమాణమని యడిగిన ప్రశ్నమునకు సమాధాన మిది: 1495వ సంవత్సరమునఁ గవెంట్రీలోని సామాన్యజనులు తమ హక్కును జెప్పుకొనుటకు శాసనము చేత లేక, యీ కథను శాసనముగాఁ జేసికొనిరి. వెండోవరు కథలోని వింత వివస్త్రత్వము వారి కక్కఱలేదు. ఆ పద్యములలో నది లేనేలేదు. వారికిఁ గావలసినది సుంకవిముక్తి. ఇది కథ కాదు, చరిత్రము. దీనికి సాక్షి యాకాలపు నగరపుస్తకమే.

ఆ పద్యములలో నామె పేరు వ్రాసిన తీరును విడువరాదు. గొడైవా యనునది లాటినురూపము. ప్రాచీనాంగ్లమున నది గాడ్‌గిఫు; దేవునిచేత నీయఁబడినది యని యర్థము. వైయాకరణుల యుదాహరణములలో నిత్యము కనఁబడు దేవదత్తునకు స్త్రీరూపమే యీ దొరసాని పేరు! 1495 నాఁటికి నీ వ్యుత్పత్తి జనులకుఁ దెలియదు. వారు దానిని ‘గుడ్ ఈవ్’, మంచి ఈవ యని పదవిభాగము చేసి వ్రాసిరి. పేరుయొక్క యర్థము మఱచిన జనులు పేరుగలదాని గుణమునే పేరున నిలిపిరి.

కూటశాసనములకు నిదే న్యాయము వర్తించును. మఠస్థాపననాఁటి దని చెప్పఁబడు 1043 నాఁటి శాసనము కూట మని పండితులు నిర్ణయించిరి. జోను లాంకాస్టరు 1954వ సంవత్సరమున నీ శాసనములను బునర్విచారణ చేసెను. లియోఫ్రిక్కు కాలమున కవి పనికిరావు. కాని తమ భూములును హక్కులును బోవుచున్న వని భయపడిన సన్యాసులు దేనిని గాపాడుకొనఁ గోరిరో తెలిసికొనుట కంతకంటె స్పష్టమైన సాక్ష్యము లేదు. పోవని దానికై యెవ్వఁడును గూటలేఖ్యము వ్రాయఁడు. తరువాతి శాసనముల స్థితి మేలు. పండ్రెండవ శతాబ్దమునఁ జెస్టరు ఎర్లు రానల్ఫు లింకను పురజనులకుఁ గల స్వాతంత్ర్యములను గవెంట్రీవారికి నొసఁగెను. 1345వ సంవత్సరమున మూఁడవ ఎడ్వర్డు మేయరు నెన్నుకొను నధికార మిచ్చెను. 1355 నాఁటి యొడంబడికచేత మఠమువారి భాగమును ఎర్లు భాగమును ఏకమయ్యెను. 1451వ సంవత్సరమున నగరమే ప్రత్యేకమండల మయ్యెను. ప్రాచీనలేఖ్యములను పీటరు కాసు 1986వ సంవత్సరమున నొక్కచోటఁ గూర్చి ముద్రించినాఁడు.

తక్కిన యాధారములకు నొక్కొక్క మాట చాలును. 1538వ సంవత్సరమున థామసు క్రామ్వెలు ప్రతి దేవాలయమునను జననవివాహమరణములు వ్రాయవలయు నని యాజ్ఞాపించెను. కాని దేశమునఁ బెక్కు పుస్తకములు 1558నుండియే యారంభమగుటకుఁ గారణము వేఱు: 1598వ సంవత్సరమునఁ గాగితపుఁ బ్రతులను దోలుపత్రములపై నెత్తి వ్రాయుఁ డని యాజ్ఞ పుట్టినప్పుడు, ఎలిజబెత్తు రాణి రాజ్యారంభమునుండి వ్రాసినఁ జాలుననునట్లు దానిని గ్రహించి వెనుకటివానిని లేఖకులు విడిచిరి. లేఖకుల యలసత యెన్ని వంశములను మాపెనో! 1610వ సంవత్సరపు స్పీడు పటమున నగరపుఁ బ్రాకారములు గానవచ్చును. 1741నుండి వార్తాపత్రిక గలదు. జనసంఖ్య 1801నుండియు, జనుల పేర్లు 1841నుండియు దొరకును. పట్టునాడా నేయువాఁడైన జోసెఫు గట్టరిడ్జి 1893వ సంవత్సరమునఁ బ్రకటించిన స్వీయచరిత్రము, నేఁతగాండ్రు పడిన బాధ నధికారుల నివేదికలకంటెఁ జక్కఁగఁ జెప్పుచున్నది. జార్జి ఎలియట్టు 1841 మొదలు 1849వఱకుఁ గవెంట్రీలో నివసించెను; ఆమె ‘మిడిల్‌మార్చి’ నవలలోని యూరు కవెంట్రీయే యని పలువురి మతము. కావచ్చును, కాని నవలలోని వీథినిఁ జూపి నగరపు వీథిని నిర్ణయించుట కాళిదాసుని మేఘమువెంట దారి కొలుచుట వంటిది. 1539వ సంవత్సరమున రాజువశమై పిదపఁ గూల్పఁబడిన మఠదేవాలయపుఁ బునాదులు 1999 తరువాతి త్రవ్వకములలో బయలుపడినవి. ఈ శోధనములకుఁ బూర్వమే, 1969వ సంవత్సరమున, విక్టోరియా మండలచరిత్రావళిలోని కవెంట్రీ సంపుటము వెలువడియుండెను. నేఁటికిని జిజ్ఞాసువు మొదటఁ దెఱవవలసిన గ్రంథ మదియే.

ఆధారము లుండుట యొకటి, అవి నిలుచుట యొకటి. కవెంట్రీ శ్రేణులవారు కార్పస్ క్రిస్టీ పండుగనాఁడు బండ్లపై నాడిన ధర్మనాటకము లాంగ్లసాహిత్యమునఁ బ్రసిద్ధములు. అవి 1579వఱకు నాడఁబడినవి. వానిలో రెండే మిగిలినవి. ఒకటి సాలెవాండ్రది, మఱొకటి ఉన్నికత్తిరించువారును దర్జీలును గలిసి యాడినది. ఇవి గాక పదునేడవ శతాబ్దమునఁ గాటను దొర గ్రంథాలయాధికారి రిచర్డు జేమ్సు ఒక నాటకసంపుటపుఁ దొలియాకున నిది కవెంట్రీ నాటక మని లాటినున వ్రాసిపెట్టెను. ఆ యొక్క మాటను నమ్మి రెండు వందల యేండ్లకుఁ బైగాఁ బండితులు దానిని గవెంట్రీవారి దనుకొనిరి. 1841వ సంవత్సరమున హాలివెలు ఆ పేరనే ముద్రించెను. 1922 నాఁటి ముద్రణమునకును నదియే పేరు. ఆ నాటకములు వేఱొక ప్రాంతమువని భాషాపరీక్షచేతఁ దేలి, 1991 నాఁటి ముద్రణమున ‘ఎన్-టౌను నాటకము’ అని పేరు మాఱినది. గ్రంథాలయసూచిలో నొక పంక్తి వ్రాయువాఁ డెంతటి బాధ్యతను వహించుచున్నాఁడో దీనినిఁ జూచి తెలిసికొనవచ్చును.

శ్రేణులవారి లెక్కపుస్తకములు, దర్జీల నాటకపు మూలప్రతి థామసు షార్పు అను కవెంట్రీ పురవాసి చేరదీసెను. అతఁడు నాటకమును 1817లోను, మరల లెక్కల భాగములతోఁ గూడిన తన బృహద్గ్రంథమున 1825లోను ముద్రించెను. పిదప నాప్రతులు స్టాంటను సంగ్రహముఁ జేరి, దానితోఁగూడ బర్మింగ్‌హాము గ్రంథాలయమునకుఁ బోయెను. రక్షణకై గొనిపోయిన యాచోటనే 1879వ సంవత్సరము జనవరిలో నగ్నిప్రమాదము సంభవించి సర్వమును భస్మమయ్యెను. ఇప్పు డానాటకమునకు షార్పు ముద్రణమే మూలము. లెక్కలకు నతఁ డెత్తి వ్రాసిన భాగములును, హాలివెలు ఫిలిప్సు తీసికొన్న ప్రతులును దక్క వేఱు గతి లేదు. తెలుఁగునాట మెకంజీ దొర వ్రాయించిన కైఫీయతుల విషయమున నించుమించుగా నిట్లే జరిగినది. మూలములు శిథిలము లగుచుండఁగా బ్రౌను దొర తిరిగి వ్రాయించిన ప్రతులు పెక్కింటికి శరణ్యములైనవి. ప్రతి చేసినవానిని మూలముకంటెఁ దక్కువవాఁ డని చిన్నచూపు చూచుట తగదు. మూలము పోయిననాఁడు వాఁడే మూలకారుఁడు.

అయినను ప్రతికర్తను బరీక్షింపకయే నమ్మరాదు. షార్పు విషయమునఁ బరీక్షకు సాధనము గలదు. అతఁడు తన గ్రంథమున లీట్ గ్రంథమునుండియుఁ గొన్ని భాగముల నుదాహరించెను. లీట్ గ్రంథపు మూల మగ్నికిని, 1940 నాఁటి బాంబులకును దప్పి నేఁటికిని గలదు; హారిసు ముద్రణమును గలదు. అతఁ డెత్తిన వాక్యములను మూలముతో సరిచూచినచో నెచట నక్షరములను మార్చును, ఎచట సంగ్రహించును, ఎచటఁ దెలియని పదమును దన యూహచేఁ జదువును అనునవి తేలును. ఆ లెక్క తేలిన తరువాతనే, కాలిపోయిన లెక్కపుస్తకములనుండి యతఁ డిచ్చిన పంక్తులకు నెంతటి విశ్వాస మీయవలయునో చెప్పుటకు వీలగును. ఇంగ్రాము 1981వ సంవత్సరమునఁ గవెంట్రీ నాటకలేఖ్యముల నన్నింటి నొక సంపుటముగఁ గూర్చి, యుపలబ్ధమైన మూలమునుండి వచ్చినది యేదియో, షార్పు మాటమీఁద నిలిచినది యేదియో తెలియునట్లు చూపినాఁడు. పరీక్షింపఁ గోరువారు రెండు పుస్తకములను బ్రక్కప్రక్కఁ బెట్టికొని చదువవలయును.